వెలుగుకి ఎదురుగా ఫొటో: హుడ్డా, అరచెయ్యా, ఫిల్టర్ పీకేయడమా?

గోపాల్‌పూర్ ఒడ్డున సూర్యోదయం, రంభ దగ్గర చిలికా సరస్సు మీద పొద్దుటి వెలుగు, పర్లాకిమిడి పెళ్లి మండపం వెనక వరసగా పెట్టిన ఫోకస్ లైట్లు, రెండేళ్లకోసారి వచ్చే బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్ర రాత్రులు. మన దక్షిణ ఒడిశా వైపు కెమెరా పట్టినవాళ్లు ఇష్టపడి తీసే ఫొటోల్లో సగం వెలుగుకి ఎదురు నిలబడి తీసేవే. అందుకే ఎవరు కలిసినా అడిగేది ఒకటే: ఫ్లేర్, అంటే ఎదురు వెలుగు ఫొటో మీద వేసే పొగా చుక్కలూ, పోవాలంటే ఏం కొనాలి? హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం లాంటి నీడ కప్పు) కొనాలా, మంచి ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు బిళ్ల) కొనాలా, ఏకంగా లెన్సే మార్చాలా? నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. ముందు కొనడం ఆపండి. మీరు ఎక్కువగా తీసే ఫొటోల్లో ఆ వెలుగు ఫ్రేమ్ లోపల ఉంటోందా, ఫ్రేమ్ బయట ఉండి పక్క నుంచి లెన్స్ మీద పడుతోందా, అది చూసుకోండి. ఈ రెండింటికీ మందు వేరు. బయటి వెలుగుకి పనిచేసేది లోపలి వెలుగుకి దాదాపు ఎందుకూ పనికిరాదు. ఇది తెలియక డబ్బు తగలేసుకునేవాళ్లే ఎక్కువ.

ఫ్లేర్ అని ఒకే మాట అంటాం గానీ దానికి రెండు వేషాలున్నాయి. ఒకటి పొగ. ఫొటో మొత్తం మీద తెల్లటి పొర కమ్మేసి, నల్లగా ఉండాల్సిన చోటు బూడిదరంగుకి తిరిగి, పట్టుచీర రంగు కూడా నాలుగుసార్లు ఉతికినట్టు వెలిసిపోతుంది. రెండోది చుక్కలు. ఆకుపచ్చగా, ఊదాగా, గుండ్రంగానో ఐదారు మూలలతోనో వరసగా పడతాయి. ఆ వరస ఎప్పుడూ వెలుగు దగ్గర మొదలై ఫొటో సరిగ్గా మధ్యలోంచి అవతలి మూలకి పోతుంది. చుక్కల మూలలు లెన్స్ లోపల వెలుగు వచ్చే కంతని, అంటే అపెర్చర్‌ని, పెంచి తగ్గించే రెక్కల ఆకారం. ఫొటోలో పొగ ఉందా, చుక్కలున్నాయా అని గుర్తుపట్టగలిగితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే పొగ చాలాసార్లు బయటి వెలుగు వల్లో మురికి వల్లో వస్తుంది, చుక్కలు ఎక్కువగా ఫ్రేమ్ లోపలి వెలుగు వల్ల వస్తాయి.

కారణం కూడా చెప్పుకుందాం, లేకపోతే షాపువాడు ఏది చెబితే అది నమ్మాల్సి వస్తుంది. కోటింగ్ (పలచటి పూత) లేని గాజు ముఖం మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. క్యానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎమ్ లాంటి చిన్న లెన్స్‌లో 6 గాజులు 5 గుంపులుగా ఉంటాయి (అతికించిన గాజులు ఒక గుంపు), అంటే గుంపుకి రెండు చొప్పున గాలికి తగిలే ముఖాలు 10. పెళ్లిళ్లలో అందరూ ముచ్చటపడే క్యానన్ 70-200 ఎఫ్/2.8 రెండో తరంలో 23 గాజులు, 19 గుంపులు, 38 ముఖాలు. కోటింగే లేకపోతే ఆ పెద్ద జూమ్‌లోంచి ఐదో వంతు వెలుగు మాత్రమే నేరుగా సెన్సర్ (ఫొటోని పట్టే చిప్) దాకా చేరేది. చుక్క పుట్టాలంటే వెలుగు ఒక ముఖం మీద వెనక్కి కొట్టి, ఇంకో ముఖం మీద మళ్లీ ముందుకి కొట్టాలి. 10 ముఖాల మధ్య అలాంటి జతలు 45. 38 ముఖాల మధ్య 703. జూమ్ లెన్స్‌లో చుక్కల దండ ఎందుకంత పొడుగ్గా ఉంటుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

1935లో జర్మనీలో కార్ల్ జైస్ కంపెనీలో పనిచేసే అలెగ్జాండర్ స్మాకులా గాజు మీద పలచటి పొర వేసి ఈ వెనక్కొట్టుడు తగ్గించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టి మల్టీకోటింగ్‌తో ఒక్కో ముఖం దగ్గర అర శాతం లోపే వెనక్కి పోతుంది. 0.3 శాతం అనుకుంటే, రెండుసార్లు కొట్టి సెన్సర్ మీదకి వచ్చే వెలుగు పది లక్షల్లో తొమ్మిది వంతులు. అంత కొంచెమే కదా అనిపిస్తుంది. అవతల ఉన్నది సూర్యుడు మరి, ఆ తొమ్మిది వంతులే మన నీడ భాగం కంటే కాంతిగా కనిపిస్తాయి. కాబట్టి ఎంత ఖరీదు లెన్స్ కొన్నా, నేరుగా సూర్యుణ్ణి ఫ్రేమ్‌లో పెడితే ఎక్కడో ఒక చుక్క పడుతుంది. ఏ లెన్స్‌కీ ఫ్లేర్ అసలు రాదని చెప్పేవాడి మాట నమ్మకండి.

వెలుగు ఫ్రేమ్ బయట ఉంటే

ఇక్కడ పోటీ మూడింటి మధ్య: హుడ్, అరచెయ్యి, నల్ల గొడుగు. చాలామంది హుడ్‌కి ఓటేస్తారు. నేను అరచేతికి వేస్తాను, కారణం చెబుతాను.

జూమ్ లెన్స్‌తో వచ్చే హుడ్‌ని దాని వెడల్పాటి కోణానికి తగ్గట్టు చేస్తారు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ హుడ్ 18 దగ్గర (అది వెడల్పు కోణం) మూలలు నల్లబడకుండా ఉండాలి కాబట్టి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మీరు 55కి జూమ్ చేస్తే కోణం ఇరుకైపోతుంది, హుడ్ మాత్రం 18కి కోసినట్టే ఉంటుంది, పక్క నుంచి వచ్చే ఎండ దాన్ని దాటుకుని హాయిగా గాజు మీద పడుతుంది. 50 ఎంఎం, 85 ఎంఎం లాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్‌లకీ, దూరాన్ని దగ్గరగా చూపే పొడుగాటి టెలీలకీ మాత్రం హుడ్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ దాన్ని కావలసినంత లోతుగా చేయొచ్చు. కాబట్టి ప్రైమ్ ఉంటే హుడ్ కొనండి, ఆ క్యానన్ 50కి సరిపోయేది ఈఎస్-68. టెలీ ఉంటే తప్పకుండా కొనండి. బాగా వెడల్పు లెన్స్ ఒక్కటే ఉంటే, ఫ్లేర్ కోసమని మాత్రం కొనకండి.

చెయ్యి ఎలా పెట్టాలో చాలామందికి ఎవరూ చూపించి ఉండరు. వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) చూస్తూ చెయ్యి అటూ ఇటూ ఊపితే లాభం లేదు. కెమెరా ఎటు తిప్పి తీయాలో అటే ఉంచి, మీరు ముందుకి వంగి లెన్స్ ముఖం చూడండి. గాజు మీద ఎండ పడుతుంటే తెలిసిపోతుంది, ఒక మూల తళతళలాడుతూ, దుమ్ము రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా కనిపిస్తాయి. ఇప్పుడు ఎడమ అరచేతిని సూర్యుడికీ లెన్స్‌కీ మధ్య, ఒక జానెడు దూరంలో పెట్టి, చేతి నీడ గాజు మొత్తాన్ని కప్పేదాకా జరపండి. గాజు ఒక్కసారిగా చీకటైపోతుంది, దుమ్ము కూడా మాయమవుతుంది. అప్పుడు వెనక్కి వచ్చి వ్యూఫైండర్ చూడండి. వేలు ఏ మూలనైనా కనిపిస్తే చేతిని కొంచెం సూర్యుడి వైపు లాగండి, అంతే. ఇలా అలవాటైతే చెయ్యి దానంతటదే సరైన చోటికి పోతుంది. హుడ్ ఒక్క కొలతకే పనిచేస్తుంది, చెయ్యి మీరు పెట్టిన ప్రతి కోణానికీ పనిచేస్తుంది.

చేతితో వచ్చే చిక్కల్లా అది కెమెరా కింద ఉండాల్సిన చెయ్యి కావడమే. బరువు లెన్స్ ఒంటిచేత్తో పట్టుకుంటే వణుకుతుంది. అప్పుడు గొడుగు. పెళ్లి పని చేసేవాళ్లు ఒక నల్ల గొడుగు బ్యాగులో పెట్టుకుంటే అటు ఎండకీ, ఇటు మన తీరంలో చెప్పాపెట్టకుండా వచ్చే వానకీ పనికొస్తుంది. పక్కనున్న కుర్రాణ్ణి "తమ్ముడూ, నీడ నా లెన్స్ మీద పడేలా పట్టు, నా తల మీద కాదు" అని ఒక్కసారి సరిగ్గా చెబితే చాలు. లోపల వెండిరంగు పూత ఉన్న గొడుగు మాత్రం వద్దు, అది ఇంకో పక్క వెలుగుని తెచ్చి మీదేస్తుంది. గొడుగు కూడా లేకపోతే గోడ నీడలోకో చెట్టు నీడలోకో రెండడుగులు వేసి తీయండి. లెన్స్ నీడలో ఉంటే చాలు, మీరు తీసే మనిషి ఎండలో ఉండొచ్చు.

ఒక మాట పక్కన. హుడ్‌ని తిరగేసి తగిలించి తీసేవాళ్లని పెళ్లిళ్లలో ఎప్పుడూ చూస్తుంటాను. ఆ స్థితిలో అది జూమ్ రింగ్‌కి అడ్డం తప్ప దేనికీ పనికిరాదు. తిప్పి సరిగ్గా బిగించండి, రెండు సెకన్ల పని.

రబ్బరు హుడ్ అని ఒకటుంది, మడతపడేది. చిలికా పక్క నుంచి పోయే రైల్లో ఏసీ పెట్టె కిటికీలోంచి తీయాలంటే దాన్ని మించింది లేదు, గాజుకి ఆనించేస్తే బోగీలోని లైట్ల ప్రతిబింబం పూర్తిగా పోతుంది. వందల్లో వచ్చేస్తుంది. కావాలంటే అది కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు.

వెలుగు ఫ్రేమ్ లోపల ఉంటే

ఇక హుడ్ గురించి మర్చిపోండి. సూర్యుడు ఫొటోలోనే ఉన్నాక దాన్ని హుడ్ ఎలా ఆపుతుంది? ఇక్కడ తేల్చుకోవాల్సినవి వేరు: ఫిల్టర్ ఉంచాలా తీయాలా, సూర్యుణ్ణి పూర్తిగా చూపించాలా సగం దాచాలా, ఏ వేళలో తీయాలి, అపెర్చర్ ఎంత పెట్టాలి. లెన్స్ మార్చడం ఇవన్నీ అయ్యాక.

ముందు ఫిల్టర్. కెమెరా కొన్నప్పుడు షాపువాళ్లు 'రక్షణ కోసం' అంటగట్టే యూవీ (అతినీలలోహిత కిరణాల) ఫిల్టర్ ఉంది చూశారూ, వెలుగుకి ఎదురుగా తీసే ఫొటోకి దాన్ని మించిన శత్రువు లేదని నా అభిప్రాయం. డిజిటల్ సెన్సర్ ముందే యూవీని ఆపే పొర ఉంటుంది కాబట్టి ఫొటోకి దాని వల్ల వచ్చే మేలు లేదు. కీడు మాత్రం ఉంది. అది చదునైన గాజు. సెన్సర్ మెరుస్తూ ఉంటుంది, దాని మీద పడ్డ వెలుగు కొంత లెన్స్ గుండా వెనక్కి వచ్చి ఆ చదును గాజుకి తగిలి మళ్లీ లోపలికి పోతుంది. ఫలితంగా వెలుగు ఫొటోలో ఏ మూల ఉంటే దానికి సరిగ్గా ఎదుటి మూల దాని ప్రతిబింబం పడుతుంది. రాత్రి ఫొటోలో వీధిదీపం పైన కుడివైపు ఉండి, కింద ఎడమవైపు చీకట్లో అదే ఆకారంలో తలకిందులుగా ఆకుపచ్చ దీపం తేలుతుంటే, లెన్స్‌ని తిట్టకండి, ముందు ఫిల్టర్ పీకి ఇంకో ఫొటో తీసి చూడండి.

అంటే ఫిల్టరే వద్దా? గోపాల్‌పూర్‌లో గాలి లేచినప్పుడు ఉప్పు తుంపర లెన్స్ మీద పడుతుంది, అక్కడ ఫిల్టర్ ఉంటేనే నయం. కాబట్టి నా పద్ధతి: గాలి, అలలు ఉన్నంతసేపు ఫిల్టర్ ఉంచుతాను, సూర్యుడు ఫ్రేమ్‌లోకి వచ్చే ఫొటోకి తీసి జేబులో వేస్తాను. గట్టిగా బిగించకండి, ఉప్పు గాలికి మర బిగుసుకుంటే తీయడానికి ప్రాణం పోతుంది. కొనాలనుకుంటే మల్టీకోటింగ్ ఉన్నదే కొనండి. పెట్టె మీద రాసింది నమ్మక్కర్లేదు, షాపులోనే చిన్న పరీక్ష ఉంది. రెండు ఫిల్టర్లు నల్లటి గుడ్డ మీద పక్కపక్కన పెట్టి పైనున్న ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. కోటింగ్ లేనిదాంట్లో ట్యూబ్‌లైట్ తెల్లగా, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మంచిదాంట్లో మసగ్గా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. బాగున్నదాంట్లో అయితే ప్రతిబింబం కోసం వెతుక్కోవాలి. అంత బాగున్నది వేలల్లో ఉంటుంది. ఆ డబ్బుకి హుడ్ కొని, దాన్నే దెబ్బలకి కూడా అడ్డంగా వాడుకోవడం మేలని నేనంటాను.

పోలరైజర్ అనే ఫిల్టర్ ఫ్లేర్ తగ్గిస్తుందని కొందరంటారు. తగ్గించదు. నీటి మీద తళుకుని తగ్గిస్తుంది, ఆకాశాన్ని ముదురు చేస్తుంది, అదీ సూర్యుడికి పక్కగా తిరిగి తీసినప్పుడు. సూర్యుడికి ఎదురుగా ఆకాశం మీద దాని ప్రభావం దాదాపు సున్నా, పైగా ఇంకో గాజు ముక్క అడ్డం. తీసేయండి.

దాచడమా, చూపించడమా అన్నదాంట్లో నా ఓటు దాచడానికే. సూర్యుడు తెప్ప ముక్కు వెనకో, కొబ్బరి మాను అంచునో, గుడి ధ్వజస్తంభం వెనకో సగం దాగితే లెన్స్ మీద పడే వెలుగు బాగా తగ్గుతుంది, చుక్కలూ తగ్గుతాయి, పైగా ఎదురుగా ఉన్న వస్తువు అంచు బంగారపు గీతలా వెలుగుతుంది. గోపాల్‌పూర్‌లో తెప్పలు దించే నోలియా (జాలర్ల) పేటవాళ్లు మన తెలుగే మాట్లాడతారు. "బాబాయ్, ఒక్క నిమిషం అక్కడే ఉంటారా" అంటే చాలాసార్లు నవ్వుతూ నిలబడతారు, ఇంక మీరు అరడుగు అటూ ఇటూ జరిగితే ఆయన భుజం వెనక్కి సూర్యుడు పోతాడు. పనిలో ఉన్నవాళ్లని ఆపకండి మరి, వల లాగుతున్నప్పుడు వాళ్లకి మన ఫొటోతో పనేముంది.

వేళ అన్నిటికంటే చవకైనది, డబ్బు ఖర్చు లేదు, నిద్ర ఖర్చు. నింగి అంచు మీద ఎర్రగా పైకొస్తున్న సూర్యుడి వెలుగు దట్టమైన గాలిపొరలోంచి రావాలి కాబట్టి దాని తీవ్రత బాగా తక్కువగా ఉంటుంది. ఆ నాలుగైదు నిమిషాలు ఏ లెన్సయినా పెద్దగా చుక్కలు వేయదు. ఆకాశంలో సూర్యుడు తన వెడల్పంత జరగడానికి పట్టేది రెండు నిమిషాలే. మన అక్షాంశంలో బాగా నిటారుగా లేస్తాడు, కాసేపట్లో ఎరుపు పోయి తెలుపు వచ్చేస్తుంది, అక్కడ్నించి ఫ్లేర్ మొదలు. టీ తాగి తీరిగ్గా వచ్చేవాళ్లకి ఈ ఎంపిక ఉండదు.

ఇంకో సంగతి, మన తీరం వంపు వల్ల. గోపాల్‌పూర్‌లో సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు కూడా ఆగ్నేయానికి జరిగి లేస్తాడు, అంటే సముద్రం వైపు నేరుగా తిరిగితే దాదాపు ఎదురుగా ఫ్రేమ్ లోపలే ఉంటాడు. జూన్‌లో ఈశాన్యం వైపు జరిగి, ఎడమవైపున ఒడ్డు గీతకి దగ్గరగా లేస్తాడు. అప్పుడు అలల్ని ఎదురుగా తీసే ఫొటోకి సూర్యుడు పక్క నుంచి, ఫ్రేమ్ బయట నుంచి కొడతాడు. ఒకే ఒడ్డు, ఒకే లెన్స్, చలికాలంలో ఫిల్టర్ తీయడం ముఖ్యం, వేసవిలో చెయ్యి అడ్డం పెట్టడం ముఖ్యం. "పోయిన నెల బాగానే వచ్చింది, ఇప్పుడు లెన్స్ పాడైంది" అనుకునేవాళ్లు ముందు సూర్యుడు ఎటున్నాడో చూడండి.

అపెర్చర్ విషయంలో రెండు వర్గాలున్నాయి. బాగా మూసేసి ఎఫ్/16 (అంకె పెద్దదైతే కంత చిన్నది) పెడితే సూర్యుడి చుట్టూ నక్షత్రంలా కిరణాలు వస్తాయి. రెక్కలు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు, 7 రెక్కల లెన్స్‌కి 14. అందంగానే ఉంటుంది. దాంతో పాటు చుక్కలు చిన్నవై, అంచులు గట్టిపడి, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, సెన్సర్ మీది దుమ్ము కూడా బయటపడుతుంది, వివరం కొంచెం మెత్తబడుతుంది. పూర్తిగా తెరిస్తే చుక్కలు పెద్దవై, పలచబడి, పొగలో కలిసిపోతాయి. మనిషి ముఖం ముఖ్యమైతే తెరవండి, కొండో సముద్రమో అయితే ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఆగండి. ఎఫ్/16 నక్షత్రం కావాల్సినప్పుడే. మహేంద్రగిరి మీద నుంచి అస్తమయం తీసేవాళ్లకి ఇదే చెబుతాను: ముందు ఎఫ్/11లో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చుక్క ఎక్కడ పడిందో చూసి, అది కొండ మీద పడితే ఫ్రేమ్‌ని కొంచెం తిప్పి ఆకాశంలోకో చీకటి మూలకో తోయండి. సూర్యుణ్ణి సరిగ్గా మధ్యలో పెడితే చుక్కలన్నీ సూర్యుడి మీదే పోగవుతాయి, దాచాలనుకుంటే అదీ ఒక దారే.

ట్రైపాడ్ ఉన్నవాళ్లకి ఇంకో కిటుకు. కెమెరా కదపకుండా రెండు ఫొటోలు తీయండి, ఒకటి మామూలుగా, రెండోది బొటనవేలితో సూర్యుణ్ణి మాత్రం కప్పి. రెండోదాంట్లో కింది భాగంలో చుక్కలుండవు, పొగ ఉండదు. ఇంటికొచ్చి మొదటిదాంట్లోంచి ఆకాశం, రెండోదాంట్లోంచి నేల తీసి కలిపేయండి. చిలికా మీద పడవలు కదులుతుంటే ఇది కుదరదు, కొండలకీ కట్టడాలకీ కుదురుతుంది.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి, అందులోనూ టెలీ లెన్స్‌తో, పైకొచ్చిన సూర్యుణ్ణి చూడకండి, కన్ను పోతుంది. వెనక స్క్రీన్ మీద చూసి తీయండి.

ఫోన్‌తో అయితే

ఫోన్లో అపెర్చర్ మార్చే వీలు సాధారణంగా ఉండదు, హుడ్ ఉండదు. అయినా ఫోన్ ఫ్లేర్‌లో ఎక్కువ భాగం వేలిముద్రే. నూనె చేతులతో, చెమట చేతులతో ఆ చిన్న గాజుని రోజంతా తడుముతూనే ఉంటాం. ఏ లైటు నుంచైనా పొడుగ్గా చారలు లాగుతుంటే అది లెన్స్ తప్పు కానే కాదు, చొక్కా లోపలి అంచుతో తుడవండి, చారలు పోతాయి.

రెండోది, కెమెరా మీద అతికించే గ్లాస్ ప్రొటెక్టర్. స్క్రీన్ గార్డ్ వేసేటప్పుడు "సార్, కెమెరాకి కూడా వేసేయమంటారా" అంటాడు, మనం సరే అంటాం. అది పైన చెప్పిన యూవీ ఫిల్టర్‌కి తమ్ముడు, చాలావాటికి కోటింగ్ ఉండదు, కింద దుమ్ము చేరి ఇంకా పాడవుతుంది. రాత్రి ఫొటోలు ఇష్టపడేవాళ్లు దాన్ని పీకేయండి. ఫోన్ కెమెరా గాజు ఎలాగూ గట్టిదే, కవర్ అంచు కొంచెం ఎత్తుగా ఉన్నది తీసుకుంటే సరిపోతుంది. కెమెరా చుట్టూ మెరిసే రింగు ఉన్న కవర్లు వద్దు.

అన్నీ చేశాక కూడా ఫోన్లో ఒక ఆకుపచ్చ చుక్క మిగులుతుంది, లైటుకి సరిగ్గా ఎదుటి వైపు. ఫోన్‌ని వాలిస్తే అది కూడా జరుగుతుంది. ముఖం మీద నుంచి జరిపి ఏ చీర మడత మీదకో పంపేయండి. 0.5 వెడల్పు కెమెరా కంటే 1 లేదా 2 దగ్గర తీయడం మంచిది, కోణం ఇరుకైతే లైటుని ఫ్రేమ్ బయటికి తోయొచ్చు, తోసాక రెండో చేతితో నీడ పట్టొచ్చు.

ఠాకురాణి యాత్ర, పెళ్లిళ్లు, రాత్రి లైట్లు

పగలు సూర్యుడు ఒక్కడే, ఎక్కడున్నాడో తెలుసు. యాత్ర రాత్రుల్లో వంద సూర్యులు, తోరణాల సీరియల్ బల్బులు, బళ్ల మీద ఎల్‌ఈడీ లైట్లు, వీడియోవాళ్ల ఫోకస్ లైట్లు, పైన నల్లటి ఆకాశం. నలుపు మీద ప్రతి చుక్కా కనిపిస్తుంది. ఇక్కడ పోటీ ప్రైమ్‌కీ జూమ్‌కీ మధ్య. వేషాలు వేసుకుని వచ్చేవాళ్లని దగ్గర్నుంచి తీయాలంటే 35 లేదా 50 ప్రైమ్ గెలుస్తుంది, గాజులు తక్కువ, చుక్కలు తక్కువ, పైగా వెలుగు ఎక్కువ తీసుకుంటుంది. గుంపు మీద నుంచి దూరంగా ఉన్న ఘటాలు తీయాలంటే జూమ్ తప్పదు, అప్పుడు ఫిల్టర్ లేకుండా, హుడ్ వేసి, లైట్లని ఫ్రేమ్ అంచులకి దూరంగా గానీ పూర్తిగా బయటికి గానీ ఉంచండి. అంచు మీద సగం తెగిన లైటు అన్నిటికంటే చెడ్డది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి (అంటే వెలుగు సగం చేసి) రా ఫైల్‌లో, అంటే కెమెరా సొంతంగా మార్చని ఫైల్‌లో, తీస్తే లైట్ల చుట్టూ పొంగు తగ్గుతుంది, ముఖాన్ని తర్వాత కొంచెం లేపుకోవచ్చు.

పెళ్లి మండపాల్లో జంట వెనక లైట్లు పెట్టి ముందు చీకటి ఉంచే డెకరేషన్ ఈమధ్య ఎక్కువైంది. హుడ్, చెయ్యి కంటే ముందు డెకరేషన్ అతన్ని మంచిగా అడగండి, "అన్నా, ఆ మధ్య రెండు లైట్లు కొంచెం పైకి తిప్పుతారా". తాళి కట్టకముందు అడగాలి, తర్వాత ఎవరూ వినరు. డీజే బండ్ల మీది లేజర్ మాత్రం ఫ్లేర్ గొడవ కాదు, సెన్సర్ గొడవ. నేరుగా లెన్స్‌లోకి కొడితే సెన్సర్ మీద శాశ్వతంగా గీతలూ మచ్చలూ పడొచ్చు, ఫోన్‌కైనా అంతే. లేజర్ తిరుగుతుంటే కెమెరా దించేయండి.

లెన్స్ మార్చేదాకా వస్తే

పైవన్నీ చేశాక కూడా పొగ పోకపోతే, లెన్స్ లోపల చూడండి. మన తీరం తేమకి ఏసీ గదిలోంచి బయటికి తేగానే గాజు మీద ఆవిరి పడుతుంది, అది పోయేదాకా ఓపిక పట్టాలి. రోజుల తరబడి తేమలో ఉంటే ఫంగస్ వస్తుంది. చీకటి గదిలో లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. శుభ్రమైన లెన్స్‌లో నాలుగు దుమ్ము రేణువులు తప్ప ఏమీ ఉండదు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, పాలు కలిపిన నీళ్లలా మసగ్గా వెలిగితే హేజ్. దుమ్ము ఫర్వాలేదు, హేజ్ ఉన్న లెన్స్ మాత్రం వెలుగుకి ఎదురుగా ఎప్పటికీ పొగే ఇస్తుంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వొద్దు. పగటి వెలుగులో పైనుంచి చూస్తే అన్నీ కొత్తవాటిలాగే ఉంటాయి.

బయటి గాజు మీద ఉప్పు పొర కూడా అదే టార్చ్‌కి దొరుకుతుంది, సన్నటి తెల్ల చుక్కల వరసలా ఉంటుంది. పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు గీస్తుంది. బ్లోయర్‌తో ఊది, లెన్స్ ద్రవం రెండు చుక్కలు మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి మధ్య నుంచి బయటికి తుడవండి.

కొత్తదే కొనాలంటే, ఒక కొత్త తరం మల్టీకోటింగ్ ప్రైమ్ ముందు. నికాన్ నానో క్రిస్టల్, క్యానన్ ఎస్‌డబ్ల్యూసీ లాంటి ఖరీదు కోటింగ్‌లు నిజంగానే తేడా చూపిస్తాయి, ముఖ్యంగా వెడల్పు లెన్స్‌ల మూలల్లో, కానీ వాటితో వచ్చే లెన్స్‌ల ధర చూశాక మనలో చాలామంది అరచెయ్యి చాలనుకుంటాం. అటు చవకలో దొరికే పాత రష్యన్ హెలియోస్ 44-2 లాంటివి ఫ్లేర్ కోసమే కొనేవాళ్లున్నారు, ఆ వెలుగు పొంగు కొన్ని జంట ఫొటోలకి బాగుంటుంది, ఒప్పుకుంటాను. రెండో లెన్స్‌గా సరే, ఉన్న ఒక్క లెన్స్‌గా వద్దు, అమ్మవారి ముఖం మీద ఊదా చుక్క ఎవరికీ నచ్చదు.

ఎడిటింగ్‌ని చివరికి ఉంచండి. ఆకాశంలోనో ఇసుక మీదో పడ్డ చిన్న చుక్కని స్నాప్‌సీడ్ హీలింగ్‌తో వేలితో తాకి చెరిపేయొచ్చు, అలాంటిదాని కోసం ఒడ్డున పది నిమిషాలు పోగొట్టుకోనక్కర్లేదు. పొగకి లైట్‌రూమ్‌లో డీహేజ్ కొంతవరకే, ఎక్కువ లాగితే చర్మం రంగు మాడిపోయినట్టవుతుంది, నీడల్లో గింజలు లేస్తాయి. ముఖం మీద, చీర జరీ మీద, చేతిరాత బోర్డు మీద పడ్డ చుక్కని ఏ యాప్ అయినా ఊహించి పూడుస్తుంది, బరంపురం పట్టు అంచు మీద ఫోడా కుంభం (గుడి గోపురాల్లాంటి డిజైన్) వరస ఒక చోట వంకరపోతే నేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అలాంటి ఫొటోకి అక్కడే ఇంకోసారి తీయడం నయం, ఈసారి చెయ్యి అడ్డం పెట్టి.